గోడమ్మ ఏలుబడి

మా హాస్టల్ వార్డెన్‌కు మేం పెట్టుకున్న పేరు గోడమ్మ. అసలు పేరు గేటు దగ్గర బోర్డు మీద ఉండేది కానీ దాన్ని ఎవరూ వాడలేదు. మనుషుల్ని చూస్తే మొహం ముడుచుకుని, గోడల్ని చూస్తే కళ్లు విప్పార్చే మనిషికి ఇంతకన్నా నప్పే పేరు దొరకదు. పొద్దున్నే మా గదికి వచ్చేది. ఎలా ఉన్నారని అడిగేది కాదు. మంచాల మధ్య పక్కకు తిరిగి దూరి, అరచేత్తో గోడను పైనుంచి కిందికి నిమిరేది. కన్నబిడ్డ వీపునైనా ఎవరూ అంత మెత్తగా నిమరరు. మాలో ఒకమ్మాయి జ్వరంతో మూలుగుతూ గోడకు జారబడి కూర్చుంటే, "తల ఆనించకమ్మా, నూనె మరక పడుతుంది" అని చెప్పి వెళ్లిపోయింది. మాత్ర వేసుకున్నావా అన్న ముక్క ఆవిడ నోట రాలేదు.

మేమంతా నర్సింగ్ చదివేవాళ్లం. గదికి నలుగురం. నాలుగు మంచాలు, ఇద్దరికొకటి చొప్పున బట్టలకే చాలని ఇనప బీరువాలు, ఒక కిటికీ. అర లేదు, గూడు లేదు. పుస్తకాలు దిండు కింద, దువ్వెనలు చెప్పుల పక్కన, స్టెతస్కోపు ఎవరిదో తడి తువ్వాలు అడుగున. డ్యూటీకి బయల్దేరే వేళ ఒకరి సాక్సు కోసం అందరం నేల మీద పాకేవాళ్లం. చుట్టూ మాత్రం బోసి గోడలు, తెల్లగా, ఎవరికీ ఎందుకూ అక్కరకు రాకుండా. మేకు కొడితే గది ఖాళీ చెయ్యాలి. అదీ కట్టడి.

ఈ గోడల పిచ్చి ఎక్కణ్ణుంచి పట్టుకుందో ఒకసారి ఆవిడను చూడటానికి వచ్చిన ఆవిడ అక్క చెప్పింది. పెళ్లయిన నాటి నుంచి గోడమ్మవి అద్దె ఇళ్లే. భర్తది గిడ్డంగిలో కాపలా ఉద్యోగం, ఊరూరా బదిలీలు. ఏ ఇంట్లో దిగినా ఇంటావిడ ముందుగా గోడలు చూపించి, "మేకు కొట్టావంటే నీ సామాను వీధిలో ఉంటుంది" అనేదట. పెళ్లి ఫోటో ఏళ్ల తరబడి పెట్టె అడుగునే ఉండిపోయిందట.

"ఆ ఒక్క ఫోటో తగిలించుకోవాలని మా చెల్లి ఎంత ఏడ్చేదో మీకేం తెలుసమ్మా" అంది ఆ అక్క.

వింటే జాలి కలగాలి. మాకు కలగలేదు. అన్ని మాటలు పడ్డ మనిషి, తన చేతికి కాస్త పెత్తనం వచ్చాక ఇంకొకరికి ఒక్క మేకు కొట్టుకునే వీలైనా ఇస్తుందనుకుంటాం. ఈవిడ ఆ ఇంటావిడల మాటలన్నీ భద్రంగా దాచుకుని, గొంతు కూడా మార్చకుండా మాకు వడ్డించింది.

ఆఖరి ఏడు మా గదికి ఒక దర్జీ కూతురు వచ్చింది. నోరు పెద్దది, గురక అంతకన్నా పెద్దది. వచ్చిన వారానికే మా అవస్థ చూసి విసుగెత్తి, పాత దుప్పటి ఒకటి కత్తిరించి, దాని మీద వరసగా జేబులు కుట్టుకుంటూ కూర్చుంది. మనిషికో వరస. పై జేబుల్లో కత్తెర, థర్మామీటరు, పెన్నులు, కింది వాటిలో సాక్సులు, దువ్వెనలు, అడుగున పుస్తకాలు పట్టేంత పెద్దవి. అప్పటి నుంచి ఆమె సంచుల పిల్ల అయింది.

కుట్టడం సరే, తగిలించడం ఎక్కడ? మొదట గోడకు అంటించే జిగురు కొక్కేలు తెచ్చింది. మేకు లేదు, చిల్లు లేదు, ఆవిడ మాత్రం ఏమంటుందిలే అనుకున్నాం. పొద్దున సంచీ నిక్షేపంగా నిలిచింది. మధ్యాహ్నం మాలో ఒకామె శరీర శాస్త్రం పుస్తకం కూడా అందులో దూర్చింది. కాసేపటికి సంచీ దబ్బున కూలింది. కొక్కేలతో పాటు అరచేయంత రంగు పెచ్చు కూడా ఊడొచ్చింది.

గోడమ్మ ఆ పెచ్చును రెండు చేతుల్లోకి తీసుకుంది. కళ్లలో నీళ్లు. ఆ నీళ్లు చూసి నేను నిర్ఘాంతపోయాను. మా సీనియర్ వాళ్ల అమ్మ పోయినప్పుడు కూడా ఆ కళ్లు పొడిగానే ఉన్నాయి.

"మీ ఇళ్లలో ఇలాగే చేస్తారా? గోడంటే ఏమనుకుంటున్నారే మీరు?" అని అరిచి, కొక్కేలు పట్టుకుపోయింది.

సంచుల పిల్ల ఊరుకునే రకం కాదు. రెండు బీరువాల మధ్య కాస్త ఎడం ఉంది. విరిగిన దోమతెర కర్రను వాటి మీద అడ్డంగా పెట్టి, రెండు కొసలూ కదలకుండా మా ఇనప పెట్టెలు ఎక్కించింది. కర్రకు సంచీ వేలాడదీసింది. గోడకు కొక్కెం లేదు, జిగురు లేదు, గుడ్డ కూడా తగలదు. లాగి చూశాం. గట్టిగా ఉంది. పక్క గది వాళ్లు వచ్చి చూసి, వాళ్లు తలుపు పైకొసకు వంపు కొక్కేలు తగిలించి కట్టుకున్నారు. ఇంకో గదివాళ్లు కిటికీ ఊచలకు, మంచం తల వైపు పట్టీకి కట్టారు. వారం తిరగకుండా హాస్టల్ అంతా జేబులే. మొదటిసారి ఎవరి దువ్వెన వాళ్లకు దొరికింది.

గోడమ్మ వచ్చి చూసింది. సంచీ పక్కనుంచి తల దూర్చి గోడను వెతికింది. చిల్లు దొరకలేదు. మొహం ఇంకా మాడిపోయింది.

"తీసెయ్యండి దీన్ని."

"ఎందుకు మేడమ్? గోడకేం కాలేదు కదా?" అంది సంచుల పిల్ల.

"కాకపోతే? గోడ కనబడట్లేదు!"

"గోడ కనబడి ఏం చెయ్యాలి మేడమ్?"

గోడమ్మ సంచీని రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. కర్ర తిరగబడింది, ఇనప పెట్టె జారి, మూలతో గోడను గుద్దుకుని కింద పడింది. నేనూ సంచుల పిల్లా మంచాల మీదకు గెంతాం కాబట్టి కాళ్లు దక్కాయి. గోడలో మాత్రం గుప్పెడు పట్టేంత గుంట పడింది. లోపలి ఇటుక ఎర్రగా కనిపించింది.

"చూశావా ఏం చేశావో!" అంది గోడమ్మ, సంచుల పిల్లతో.

అంతటితో ఆగలేదు. మా ముందే వాళ్ల నాన్నకు ఫోన్ చేసి, మీ అమ్మాయి గోడ పగలగొట్టిందని చెప్పింది. పెద్దగా వినిపించే ఫోను. ఆయన మాట మాకూ తెలిసింది.

"గోడ సంగతి తర్వాత చూద్దామండీ. పెట్టె పడ్డప్పుడు పిల్లలకెవరికీ దెబ్బ తగల్లేదు కదా?"

ఆ ప్రశ్న గోడమ్మకు తట్టనేలేదు. "గోడకు తగిలిందండీ" అని ఫోన్ పెట్టేసింది.

ఆ వారంలోనే హాస్టల్ యజమాని వస్తున్నాడని కబురొచ్చింది. గోడమ్మకు కాలు నిలవలేదు. సున్నం పూసి చూసింది, తడికి గుంట ఇంకా బాగా కనిపించింది. చివరికి మా గదికి వచ్చి, ఎన్నడూ లేనంత మెత్తగా, "అమ్మా, ఆ సంచీ ఉంది చూడు, అది మళ్లీ కట్టవూ?" అంది.

"గోడ కనబడదు కదా మేడమ్" అంది సంచుల పిల్ల.

"పరవాలేదులే."

సంచుల పిల్ల కట్టింది. గుంటను కప్పడానికి కాదు, సాక్సులు పెట్టుకోవడానికి.

యజమాని లావుపాటి మనిషి, ఆయాసపడుతూ వచ్చాడు. సంచీ చూసి ముచ్చటపడ్డాడు. "భలే ఉందే! మేకు లేకుండానే నిలబెట్టారే! ఎవరిదీ ఆలోచన?"

"పిల్లలు ఇబ్బంది పడుతున్నారని నేనే చెప్పి చేయించానండీ" అంది గోడమ్మ. కనురెప్ప కూడా వాల్చలేదు.

కర్ర ఎలా నిలిచిందో చూద్దామని ఆయన సంచీని పక్కకు జరిపాడు. గుంట బయటపడింది. "ఇదేమిటి?" అన్నాడు.

గోడమ్మ వేలు అప్పుడే సంచుల పిల్ల వైపు తిరిగింది. "ఈ పిల్లేనండీ. ఎంత చెప్పినా వినదు..."

"మేడమ్ గుంజితే పెట్టె పడిందండీ. గుంట కనబడకుండా సంచీ కట్టమన్నదీ మేడమే. ఇంతకుముందు దీన్ని తీసెయ్యమన్నదీ ఆవిడే" అంది సంచుల పిల్ల. మేమంతా అవునని తలలూపాం.

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి పకపకా నవ్వాడు. "దీనికింత రాద్ధాంతం దేనికమ్మా? సెలవుల్లో ఈ గోడే కొట్టేస్తున్నాం. రెండు గదులూ కలిపి హాలు చెయ్యాలి. గుమాస్తా చెప్పలేదా మీకు?"

ఎవరూ చెప్పలేదు. గోడమ్మకు చెప్పాలని ఎవరికీ అనిపించలేదు. తాను కాపలా కాసిన గోడ గురించి తన మాట అక్కర్లేదని ఆవిడకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత కూడా మిగతా గదుల్లో గోడలు నిమరడం మానలేదు. మా గది దగ్గరికొచ్చేసరికి మాత్రం ఏదో పని ఉన్నట్టు తల తిప్పుకుని పోయేది.

సెలవుల్లో గోడ కూలగొట్టారు. పరీక్షల కోసం ఆగిపోయిన మేం వరండాలోంచి చూశాం. గోడమ్మ ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని కూలీల మధ్య తిరుగుతూ, "మెల్లగా కొట్టండయ్యా, మెల్లగా" అంటోంది. కూలగొట్టేదాన్ని మెల్లగా కొట్టడమేమిటని వాళ్లలో వాళ్లు నవ్వుకున్నారు. మేస్త్రీ, "కాస్త పక్కకు జరగండమ్మా, మీద పడుతుంది" అన్నాడు. జరిగింది. నాకు జాలి వేసిందని చెబితే అబద్ధం అవుతుంది.

హాలు తయారయ్యాక యజమాని వడ్రంగులను పంపాడు. వాళ్లు డ్రిల్లు మిషన్‌తో మిగిలిన గోడలన్నిటికీ చిల్లులు పొడిచి, చుట్టూ చెక్క అరలు బిగించారు. గోడమ్మ దగ్గరుండి ఎత్తులు చెప్పి పెట్టించింది. కొత్త పిల్లల తల్లులు వచ్చి మెచ్చుకుంటుంటే, "సార్ వెంట ఎన్నాళ్లు పడ్డానో మీకు తెలీదండీ! పిల్లలకు అరలు లేకపోతే ఎలాగ సార్ అని పోరితే ఇప్పటికి కరుణించారు" అంటోంది.

చదువు ముగిసి ఉద్యోగంలో చేరడానికి బయల్దేరిన సంచుల పిల్ల పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి అదంతా వింది. ఏదో అనబోతుందని నేను చెయ్యి పట్టుకున్నాను.

"నేనేమీ అననులేవే" అంది. "బస్సుకు టైమైంది."