నల్లగుడ్డు మీది గాజుపెంకు

ఈ రోజు మధ్యాహ్నం హార్బరు దగ్గర మా లేత్ షెడ్డులో గ్రైండింగ్ చేస్తుంటే కంట్లో ఇనుప రజను పడింది. అలాంటప్పుడు అందరం వెళ్లేది మాతో పనిచేసే అప్పలరాజు దగ్గరికే. అగ్గిపుల్లకు దూది చుట్టి, ఉమ్మితో తడిపి తీసేస్తాడు. వచ్చే నెల వాళ్ల చెల్లితోనే నా పెళ్లి.

నన్ను ఎండలోకి లాగి రెప్ప ఎత్తాడు.

“బావా, నల్లగుడ్డు మీద గాజుపెంకుంది. కదలకు, గీకి తీసేత్తాను.”

అది గాజుపెంకు కాదు. పెళ్లిచూపుల కోసం కళ్లజోడు మానేసి పెట్టించుకున్న కాంటాక్ట్ లెన్స్. ఇలాంటివి మా ఊళ్లోకి కొత్తగా వచ్చాయి, అప్పలరాజు ఎప్పుడూ చూడలేదు. నాకు చూపు తక్కువని వాళ్లింట్లో తెలీదు. షెడ్డు దుమ్ములో పెట్టుకోవద్దని డాక్టరు చెప్పినా వినలేదు. నోరు విప్పితే పెళ్లి పోతుంది, విప్పకపోతే కన్ను పోతుంది. పుల్ల దగ్గరికొచ్చేసరికి అతని చెయ్యి పట్టుకుని నిజం చెప్పేశాను.

నేను చేతులు కడుక్కుని, లెన్స్ తీసి, రజను పోయేదాకా కంట్లో మంచినీళ్లు కొట్టుకున్నంతసేపూ అప్పలరాజు పుల్ల పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చివరికి అన్నాడు:

“మా సెల్లికీ దూరంవి కనపడవు బావా. పెళ్లిసూపులనాడు దాని కళ్లజోడు నానే దాసీసినాను.”

అంటే ఆ రోజు ఆ అమ్మాయి నన్ను చూడనేలేదు. ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని ఇంకోసారి చూడమనాలా, తాళి కట్టాక చూస్తుందిలే అని ఊరుకోవాలా? మీరైతే ఏం చేస్తారు?