పెంకు చేపలు, ఇద్దరు తోడికోడళ్ళు

మ్యూజియం వెనక గదిలో ప్లాస్టర్ బొమ్మలు చేసే పనిలో పెద్దకోడలు ఏళ్ళ తరబడి ఉంది. ఎన్నిసార్లు కడిగినా గోళ్ళ సందుల్లో తెల్లపొడి పోయేది కాదు. మనిషి మంచిదే, మాటే పొదుపు. ముందు హాల్లో చూడ్డానికి వచ్చేవాళ్ళకి వివరాలు చెప్పే ఉద్యోగం ఖాళీగా ఉందని ఇంట్లో నోరు జారింది కూడా ఆవిడే. నెల తిరక్కుండా చిన్నకోడలు ఆ ఉద్యోగంలో చేరిపోయింది.

అప్పట్నుంచీ పెద్దకోడలికి మనశ్శాంతి లేదు.

పాతకాలపు చేపల బొమ్మల దగ్గరికి రాగానే చిన్నకోడలి గొంతు లేచేది. "వీటిని ఆస్ట్రకోడర్మ్‌లు అంటారండీ. పెంకు చర్మం గలవి అని ఆ మాటకి అర్థం. నలభై కోట్ల ఏళ్ళ కిందట ఉండేవి, ఇప్పుడు ఒక్కటీ లేదు. తల మీద చూడండి, ఎముక కవచం. నోరుంది, దవడ లేదు. కొరకలేవు, నమల్లేవు, బురదలో దొరికింది పీల్చుకోవడమే. దవడ లేదు కాబట్టి అత్తగారికి ఎదురు చెప్పే సమస్యా లేదు."

జనం నవ్వేవాళ్ళు. ఆ కవచం మీద ఒక్కో గీతా సూదితో గీసిందెవరని ఒక్కరూ అడిగేవాళ్ళు కాదు. తలుపు సందులోంచి వింటూ పెద్దకోడలు కుతకుతలాడిపోయేది. ఇంటికొస్తే అన్నం దగ్గర అత్తగారు, "ఏదీ, ఆ చేప సంగతి మళ్ళీ చెప్పవే" అని చిన్నదాన్నే అడిగేది. పెద్దది మంచినీళ్ళ వంకతో లేచిపోయేది.

ఒకరోజు బొమ్మలు సరిచూడ్డానికి వచ్చిన శాస్త్రవేత్త మాటల్లో ఒక సంగతి చెప్పాడు. ఆస్ట్రకోడర్మ్ అనేది ఒక కుటుంబం పేరు కాదట. దవడ లేని కవచం చేపలన్నిటినీ కలిపి వాడుక కోసం పెట్టుకున్న మాటట. వాటిలో కొన్ని మిగతా పెంకు చేపలకంటే దవడలున్న చేపలకే దగ్గరి చుట్టాలట. చిన్నకోడలేమో రోజూ "ఇవన్నీ ఒకే కుటుంబం" అని చెప్తోంది. పెద్దకోడలికి లోపల ఎక్కడో తీపిగా అనిపించింది. ఆ మాట చిన్నకోడలికి చేరవెయ్యలేదు. ఎవరో ఒకరు పట్టుకోకపోతారా అని ఎదురుచూసింది.

పట్టుకున్నారు. బొమ్మలు చూడ్డానికి వచ్చిన టీచర్ల బృందంలో ఒకావిడ, "ఒకే కుటుంబం కాదని కొత్త పుస్తకాల్లో ఉందే?" అంది. చిన్నకోడలి మొహం వాడిపోయింది. తలుపు వెనక పెద్దకోడలు సందుకి ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"నాకు తెలీదండీ. ఆగండి, వీటిని చేసినావిడ లోపలే ఉన్నారు." అంటూనే వచ్చి, తడి ప్లాస్టర్ చెయ్యి పట్టుకుని అందరి ముందుకీ లాక్కెళ్ళింది. "మా అక్క."

పెద్దకోడలు మొదలుపెట్టింది. చెప్పింది నిజమే, కానీ శాస్త్రవేత్త మాటల్నే వల్లించినట్టు చెప్పింది. వాక్యం సగంలో ఆగింది. ఒకరిద్దరు గడియారం చూసుకున్నారు.

"అంటే అక్కా," అని చిన్నకోడలు అందుకుంది, "కొట్టు ఆయన్నీ బాబాయ్ అంటాం, ఆటో ఆయన్నీ బాబాయ్ అంటాం. అంతమాత్రాన వాళ్ళిద్దరూ అన్నదమ్ములు కారు. అంతేగా?"

హాలంతా నవ్వింది. అడిగిన టీచరు తలూపింది. ఆ పోలిక తనకి జన్మలో తట్టదని పెద్దకోడలికి తెలుసు. కడుపుమంట ఇంకాస్త పెరిగింది.

బస్సులో చిన్నకోడలు అడిగింది. "నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

పెద్దకోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ అంది, "నువ్వు మాట్లాడుతుంటే నేను ఓర్చుకోలేను. అందుకని."

ఆ వారమంతా ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప ఇద్దరి మధ్యా మాట లేదు. హాల్లో మాత్రం చిన్నకోడలు, "ఈ బొమ్మలు చేసింది మా తోడికోడలు. తెలిసినవన్నీ చెప్పే మనిషి కాదులెండి" అని ఒక ముక్క కలిపింది. తలుపు వెనక పెద్దకోడలికి అది సూటిగా తగిలింది. తగలాల్సిందేనని కూడా అనుకుంది.

ఆ తర్వాత శాస్త్రవేత్త కొత్త సంగతేం చెప్పినా, పెద్దకోడలు చెయ్యి కడుక్కుని చిన్నకోడలికి చెప్పడానికి ముందు హాలుకే వెళ్ళేది. అసూయ పోయిందా అంటే పోలేదు. అత్తగారు చిన్నదాన్ని మెచ్చుకుంటే ఇప్పటికీ మెతుకు దిగదు. కిందటి వారం ఇంకో పెంకు చేప చెయ్యమన్నారు. భోజనం వేళలో చిన్నకోడలు వెనక గదికొచ్చి అచ్చు పట్టుకుంది.

"దీని తల గుర్రపు నాడాలా వంగి ఉంటుంది, రాసుకో," అంది పెద్దకోడలు. "ఆరకముందే వేలు పెట్టకు."

పెట్టనే పెట్టింది. పెద్దకోడలు ఆ చేతి మీద ఒక్కటిచ్చి, పడిన సొట్టని నిమ్మళంగా పూడ్చుకుంది.