బ్రహ్మస్థానం దాటని పాట

ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా ఒకప్పుడు రాజశేఖర్‌కు క్యాసెట్ల దుకాణం ఉండేది. ఖాళీ క్యాసెట్ ఇచ్చి, కావలసిన పాటలు చెబితే నింపి పెట్టేవాడు. ఇంటికి తెచ్చి వింటే, మనం అడగనివి కూడా మధ్యలో వచ్చేవి. ఇదేమిటయ్యా అని నిలదీస్తే, "గవి ఇంటే నీకే మంచిది అన్నా" అనేవాడు. ఈ ఊరికి పాట వినడం నేర్పే బాధ్యత దేవుడు తన నెత్తిన పెట్టాడని ఆయన నమ్మకం.

క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. అవీ పోయి ఫోన్లలో పాటలు ఎక్కించుకునే రోజులు వచ్చాయి. ఆ తరువాత దుకాణానికి ఎవరూ రాలేదు. రాజశేఖర్ మాత్రం దిగులు పడలేదు. అప్పటికే యాచారం వైపు ఫార్మా సిటీ వస్తుందన్న మాట మొదలైంది, పొలాలన్నీ రాత్రికి రాత్రి ప్లాట్లయ్యాయి. దుకాణం బోర్డు మీద ‘మ్యూజికల్స్’ అన్న మాట చెరిపించి ‘రియల్ ఎస్టేట్స్’ అని రాయించాడు. పని తీరు మారలేదు. తూర్పు ముఖం ప్లాటు కోసం వచ్చినవాడికి ఇంకేదో అంటగట్టి, "గదే నీకు కలిసొస్తది" అని పంపేవాడు.

అన్నీ అమ్ముకున్నాక మా కాలనీలో తనకంటూ పడమటి ముఖం ప్లాటు ఒకటి మిగిలింది. దాన్ని కొనేవాడు దొరకక తనే ఇల్లు కట్టుకున్నాడని నా అనుమానం. ఎదురింటివాణ్ణి కనుక అనుమానించే హక్కు నాకుంది. పడమటి ముఖం దోషం పోగొట్టడానికి ఒక వాస్తు సిద్ధాంతిని పట్టుకొచ్చాడు. ఆ సిద్ధాంతి చెప్పకుండా ఆ ఇంట్లో చెప్పుల స్టాండు కూడా జరిగేది కాదు.

ఇల్లయిన కొన్నేళ్లకు పాత క్యాసెట్ల మీద పడ్డాడు. ఎండాకాలమంతా గదిలో కూర్చుని ఒక్కొక్క క్యాసెట్టూ మోగిస్తూ, పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఆ ఓపిక చూసి నాకే ముచ్చటేసింది. ముచ్చట ఎంతోసేపు నిలవలేదు. పని అయిన మర్నాడే క్యాసెట్లన్నీ గోనెసంచిలో పోసి, పాత సామాన్లకు ఉల్లిగడ్డలిచ్చే బండివాడికి ఇచ్చేశాడు. ఆ వారమంతా వాళ్లింట్లో ఉల్లిగడ్డ పులుసే.

ఆ సంచిలో సుగుణమ్మ క్యాసెట్ కూడా ఉంది.

సుగుణమ్మ రాజశేఖర్‌కు అత్తగారు, ఆయన భార్య యమునకు తల్లి. యాచారం దగ్గరి ఊరు. అక్కడ బతుకమ్మ పాట ఆమె ఎత్తుకుంటే తప్ప మొదలయ్యేది కాదు. రాజశేఖర్ కొత్తల్లుడిగా ఉన్నప్పుడు పండక్కి టేప్ రికార్డర్ తీసుకెళ్లి, ఆమె పాడుతుంటే పట్టుకొచ్చాడు. ఆమె గొంతు ఉన్నది ఆ ఒక్క క్యాసెట్‌లోనే. నిరుడు పండగకు కొంచెం ముందు ఆమె పోయింది. ఏడాది మైల కనుక యమున ఆ పండగ చెయ్యలేదు. అంతవరకు వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ ఎప్పుడూ ఏదో పాడుతుండే మనిషి, ఆ తరువాత ఏడాది తిరిగినా ఒక్క పాట పాడలేదు. మా కాలనీలో బతుకమ్మ పాట ఎత్తుకునేది యమునే. ఆడవాళ్లు అడిగితే, "గొంతు లేస్తలేదక్కా, ఏం చెయ్యాలె" అనేది.

దీనికి రాజశేఖర్ దగ్గర మందు ఉంది. ఆయన దగ్గర లేని మందేముంది!

"నువ్వు పాడకు. సద్దుల బతుకమ్మనాడు వాకిట్ల అత్తమ్మే పాడుతది" అని ప్రకటించాడు. ఫోన్ మీద నొక్కితే చాలు, కంప్యూటర్లో ఉన్న పాట గాలిలో వచ్చి హాల్లోని పెద్ద స్టీరియోలో మోగుతుందట. దాని కోసం నా నడుము ఎత్తు స్పీకర్లు రెండు కొనుక్కొచ్చాడు.

గాలిలో ఎందుకు, ఒక తీగ లాగితే పోదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది, అడిగాను కూడా. బరువైన సామాను నైరుతిలో ఉండాలి కాబట్టి స్టీరియో నైరుతి మూలకు పోయింది. జ్ఞానానికి ఈశాన్యం కాబట్టి కంప్యూటర్ ఈశాన్యం గదిలో కూర్చుంది. ఆ మూల నుంచి ఈ మూలకు తీగ లాగాలంటే సరిగ్గా ఇంటి నడుమ నుంచి పోవాలి. నడుమ చోటు బ్రహ్మస్థానం, దాన్ని తీగ కొయ్యరాదని సిద్ధాంతి ఆజ్ఞ. గోడ వెంబడి చుట్టూ తిప్పమంటే, "ఇంటికి ఉరి పోసినట్టయితదంట అన్నా" అన్నాడు.

"పోనీ, ఆ పాటలు ఫోన్లో వేసుకోరాదూ?"

"ఫోన్ల ఆటోవోళ్లు ఇంటరు అన్నా. గిది సిస్టం."

సిస్టం సంగతి త్వరలోనే తేలింది. దేవుడి గదికి నాలుగు పక్కలా గ్రానైట్ రాయి. దాని పక్కన ఇనుప బీరువా. అవి చాలవన్నట్టు, ధనం నిలవాలని సిద్ధాంతి హాల్లో పెట్టించిన పెద్ద చేపల తొట్టి, నిండా నీళ్లతో. ఇవన్నీ దాటుకుని రావలసిన పాట, రెండు మాటలు పలికి ఆగిపోయేది. రాజశేఖర్ ఫోన్లో ఒక చక్రం గిరగిరా తిరిగేది. కాసేపటికి ఇంకో మాట వచ్చేది. ఇంటర్నెట్ పెట్టే సలాహుద్దీన్‌ను పిలిస్తే, "బూస్టర్ పెట్టుదాం సేఠ్, సిగ్నల్ మస్తు పకడ్తది" అని ఒక డబ్బా బిగించాడు. అది పకడలేదు. ఇంకొకటి బిగించాడు. గోడల మీద పచ్చ దీపాలు పెరిగాయి తప్ప పాట కదల్లేదు.

"ఆ చేపల తొట్టి జర పక్కకు జరుపుండ్రి సేఠ్" అన్నాడు చివరికి, అమ్మడానికి బూస్టర్లు అయిపోయాక.

"చేపలు జరిపితే ప్లాట్లు ఆగుతయ్ భాయ్. నీకేం ఎర్క?"

ఇదంతా చూస్తూ యమున ఊరుకుంది. ఒక్క మాట మాత్రం రోజూ అడిగేది. "గా కంప్యూటర్ల అమ్మ గొంతు ఉన్నదా లేదా? దాని చిన్న డబ్బాలనే ఒక్కసారి ఇనిపియ్యి."

"చిన్న డబ్బాల ఎందుకే? పండుగనాడు పెద్దగ ఇందువు."

ఒకనాడు నా ఎదుటే ఆమెకు కోపం వచ్చింది. "క్యాసెట్ ఉల్లిగడ్డలకు పోయింది. నీ మిషన్ల లేకపోతే మా అమ్మ ఇగ ఏడ లేదు. గా సంగతన్న ఎర్కనా నీకు?" అంది. రాజశేఖర్ నవ్వి, ఫికర్ వద్దన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ నవ్వు ముఖాన్ని లాగి కొట్టాలనిపించింది. ఎదురింటివాడికి ఆ హక్కు మాత్రం లేదు.

సద్దుల బతుకమ్మ వచ్చింది. సాయంత్రం కాలనీ ఆడవాళ్లంతా బతుకమ్మలు తెచ్చి రాజశేఖర్ వాకిట్లో పెట్టారు. స్పీకర్లు కిటికీలోంచి వాకిలి వైపు చూస్తున్నాయి. యమున పట్టుచీర కట్టుకుని, బతుకమ్మను దించి, స్తంభం పట్టుకుని నిలబడింది. రాజశేఖర్ అరుగెక్కి ఫోన్ మీద వేలు నొక్కాడు.

ముందు ఎక్కడో బస్సు హారన్, ఎవరిదో దగ్గు. తరువాత సుగుణమ్మ గొంతు.

"చెరువు గట్టు మీద ఉయ్యాలో, చెల్లె నడిచొచ్చె ఉయ్యాలో!"

యమున రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ గొంతు ఉంది, ఎక్కడికీ పోలేదు. ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్లు ఆ మాట అందుకుని, వంగి చప్పట్లు కొడుతూ తిరగడం మొదలుపెట్టారు.

"చెల్లె కొంగుల చూడు ఉయ్యాలో, ఏమి మూటున్నదో..."

అంతే. సుగుణమ్మ ఆగిపోయింది. ఫోన్లో చక్రం తిరుగుతోంది. ఆడవాళ్లు చేతులెత్తి అలాగే నిలబడ్డారు. బతుకమ్మ చుట్టూ తిరిగేవాళ్లు మధ్యలో ఆగరు, ఆగడం ఎవరికీ నచ్చదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. సాయానికని పిలిపించిన సలాహుద్దీన్ ఇంట్లోకి పరిగెత్తాడు, రాజశేఖర్ వాడి వెనక పరిగెత్తాడు.

"తంగేడు పూలున్నయ్ ఉయ్యాలో."

పాడింది యమున. గొంతు పలచగా, గీరుకుపోయినట్టు వచ్చింది. ఆ మూటలో ఏముందో అక్కడ ఆమె ఒక్కదానికే తెలుసు. ఆడవాళ్లు అందుకున్నారు, చుట్టు కదిలింది. స్పీకర్లో సుగుణమ్మ మళ్లీ వచ్చి ఒక మాట అడిగి ఆగిపోయింది. యమున స్తంభం వదిలి, చుట్టులోకి వచ్చి జవాబు పాడింది. ఇంకోసారి ఆగితే ఇంకొంచెం గట్టిగా పాడింది. నేను కళ్లు తుడుచుకున్నాను. దాచుకోవలసిన సంగతేమీ కాదు.

లోపల మా సిస్టం యజమాని ఎన్నడూ చెయ్యని పని చేశాడు. సిద్ధాంతిని మరిచిపోయి, సలాహుద్దీన్ ఒక పక్క పట్టగా, తను ఒక పక్క పట్టి చేపల తొట్టి ఎత్తాడు. సగం నీళ్లు బ్రహ్మస్థానంలో ఒలికాయి. తొట్టి వంటింట్లోకి పోగానే పాట గలగలా వచ్చింది, ఒక్క మాట కూడా తెగకుండా. తడిసిన ప్యాంటుతో కిటికీ దగ్గరికి వచ్చి, ఆయన గెలిచినవాడిలా చెయ్యి ఊపాడు.

అప్పటికి యమున నాలుగు చరణాలు ముందు ఉంది.

ఆమె చుట్టులోంచే తల తిప్పి, "బంద్ చెయ్యి" అంది.

"అరె, ఇప్పుడే కదనే సాఫ్ వస్తున్నది!"

"అమ్మ పాట రేపు ఇంట. ఇప్పుడు నేను పాడుతున్న కద."

రాజశేఖర్ ఫోన్ నొక్కి పాట ఆపాడు. నేను ఆయన్ని అంత బుద్ధిగా ఎన్నడూ చూడలేదు. అరుగు మీద కూర్చుని, చీకటి పడేవరకు భార్య పాట విన్నాడు. తన ఇష్టం ఒక్కటీ మధ్యలో చేర్చకుండా.

మర్నాటి నుంచి కథ మారిపోయింది. యమున గొంతు లేపింది తన సిస్టమేనని బస్టాండు దాకా చెప్పుకున్నాడు. సిద్ధాంతి వచ్చి, బ్రహ్మస్థానంలో నీళ్లు పడటం శుభమేనని తేల్చి, తన సంభావన తీసుకుపోయాడు. చేపలు వంటింట్లోనే ఉండిపోయాయి. ప్లాట్లు అమ్ముడుపోతూనే ఉన్నాయి.

ఇప్పుడు పొద్దున పూట వాళ్ల కిటికీలోంచి సుగుణమ్మ వినబడుతుంది. సిగ్నల్‌కు ఏ అడ్డమూ లేదు, పాట ఎక్కడా తెగదు. అయినా "ఏమి మూటున్నదో" దగ్గరికి రాగానే యమున తడి చేత్తో ఫోన్ నొక్కి తల్లిని ఆపుతుంది. మిగతా సగం తను పాడుతుంది.