బల్లిగారు ఖాళీ చేసిన ఇల్లు

పురుగుల మందు కొట్టే ఉద్యోగం అతడిది. వీపుకి ట్యాంకు, ముక్కుకీ మూతికీ మాస్కు, చేతిలో గొట్టం. వంటింట్లో బొద్దింకలైనా, మంచంలో నల్లులైనా, గుమ్మాలకి చెదలైనా అతడికే కబురు. పని పడినప్పుడు "బాబ్బాబు, ఇవాళే రావాలి" అని బతిమాలేవాళ్ళే, పనయ్యాక మంచినీళ్ళిచ్చిన గ్లాసుని తోమిందే తోముతారు. ఇరుగుపొరుగు అడిగితే భార్య "మా ఆయన మందు కొడతారు" అనేసి, వాళ్ళ మొహాలు చూసి, "తాగే మందు కాదులెండి" అని సర్దుకునేది.

అలాంటివాడికి ఫోటోల పిచ్చి పట్టింది. పట్టించింది కంపెనీయే. మందు కొట్టకముందు ఒక ఫోటో, కొట్టాక ఒక ఫోటో తీసి పంపాలని యజమాని రూలు పెట్టాడు. ఒకసారి ఓ హోటలు వంటింట్లో, సింకు కింద, అప్పుడే పాత పొట్టు విడిచిన బొద్దింక కనపడింది. ఒళ్ళంతా తెల్లగా పాలలా ఉంది, కళ్ళు మాత్రం నలుపు. ఇన్నేళ్ళుగా బొద్దింకలతోనే బతుకుతున్నాడు, ఇంత అందమైనదాన్ని ఎప్పుడూ చూడలేదు. గొట్టం పక్కన పెట్టి ఫోటో తీశాడు. ఇంకోటి తీశాడు. "ఏమయ్యా, చంపడానికొచ్చావా, చుట్టరికం కలుపుకోడానికొచ్చావా?" అని వంటాయన కసిరేదాకా తీస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత ఫోనుకి తగిలించే చిన్న లెన్సు కొన్నాడు. ఇక భార్య గోల చూడాలి. "ఊళ్ళో పురుగులన్నిటినీ చంపుతారు, ఫోను నిండా పురుగుల్ని పెంచుతారు! పెళ్ళాం ఫోటో ఒక్కటైనా ఉందా అందులో?" అతడు వెతికాడు. ఒకటుంది. అందులోనూ భార్య భుజం మీద సీతాకోకచిలుక వాలింది.

ఒక ఆదివారం పార్కులో, పెద్దవాళ్ళు నలుగురైదుగురు గడ్డిలో బోర్లా పడుకుని కనిపించారు. ఏదైనా పోగొట్టుకున్నారేమో, వెతికిపెడదామని దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళు పుట్టగొడుగుని ఫోటో తీస్తున్నారు! అదొక గ్రూపు. సోమవారం పొద్దున ఒక మాట ఇస్తారు, 'నీడ' అనో, 'రెక్క' అనో, 'తడి' అనో. ఆదివారం సాయంత్రంలోగా ఆ మాటకి తగ్గ ఫోటో తలా ఒకటి పెట్టాలి. ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వచ్చే వారం మాట వాళ్ళది. గ్రూపు పెద్ద ఒక రిటైరైన సైన్సు టీచరమ్మ. ఆమె కట్టడి ఒక్కటే: ఆకుని కూడా కదపకూడదు, పురుగు దారికి అడ్డు రాకూడదు, ఉన్నదాన్ని ఉన్నట్టు తీయాలి. అతడూ చేరతానన్నాడు.

"ఏం చేస్తుంటావు నాయనా?" అని ఆమె అడిగింది.

"కంపెనీలో ఉద్యోగమండీ," అన్నాడు. అబద్ధమేం కాదు. కానీ ఏం కంపెనీ అని ఎవరైనా అడుగుతారేమోనని ఆ రోజంతా బిక్కుబిక్కుమంటూ ఉన్నాడు. ఎవరూ అడగలేదు. ఒక పురుగు కోసం గోడకి అతుక్కుని, కదలకుండా ఎంతసేపైనా ఉంటాడని వాళ్ళు అతడికి బల్లిగారు అని పేరు పెట్టారు. మనమైతే నొచ్చుకునేవాళ్ళం. అతడు పొంగిపోయాడు. పనిలో 'ఏయ్ మందూ' అని పిలిపించుకునేవాడికి, ఆ 'గారు' ఎంత తియ్యగా ఉంటుందో మీరే ఆలోచించండి. వారమంతా ఆదివారం కోసమే ఎదురుచూసేవాడు. ఈ ఒక్క చోటు పోగొట్టుకోకూడదు, అంతే అతడి కోరిక.

'కాపలా' అన్న మాట వచ్చిన వారం టీచరమ్మ కందిరీగల గూడు ఫోటో పెట్టింది. కిటికీ పైన బూడిదరంగు కాగితంతో చేసినట్టున్న చిన్న గూడు, దాని అంచున రెక్కలు విప్పి నిలబడ్డ తల్లి కందిరీగ. పక్కన పెచ్చులూడిన నీలం రంగు చట్రం. అందరూ ఆహా ఓహో అన్నారు. బల్లిగారూ దానికే ఓటేశాడు. టీచరమ్మ గెలిచి, కొత్త మాట 'ఇల్లు' అని ఇచ్చింది.

మర్నాడు యజమాని ఒక అడ్రసు పంపాడు. కందిరీగలట, అర్జెంటట. పొద్దుగూకుతూండగా, అవన్నీ గూటికి చేరే వేళకి వెళ్ళాడు. తలెత్తి చూస్తే నీలం రంగు కిటికీ. ఫోటోలో చూసిందే.

తలుపు తీసింది టీచరమ్మే. మాస్కు వల్ల పోల్చుకోలేదు. "పైనుంది. తొందరగా కానివ్వు బాబూ," అంది, అటువైపు చూడకుండా. అతడు మాస్కు ఇంకాస్త పైకి లాక్కున్నాడు. చేసేసి వెళ్ళిపోదామనుకున్నాడు. కానీ కంపెనీ రూలుందిగా! నిచ్చెనెక్కి, గోడకి ఒళ్ళంతా ఆనించి, ఫోను ముందుకి చాచి, ఊపిరి బిగబట్టాడు.

"బల్లిగారూ?" అంది టీచరమ్మ కింద నుంచి.

అతడు దిగి మాస్కు తీశాడు. ఆమే ముందు చెప్పుకొచ్చింది. తన అక్క కూడా ఆ ఇంట్లోనే ఉంటోంది. నిన్న రాత్రి ఆవిడని ఒక కందిరీగ కుట్టి, మొహమంతా వాచి, ఊపిరాడకపోతే ఆస్పత్రికి పరుగెత్తారు. ఇంకోసారి కుడితే కష్టమన్నారు డాక్టర్లు.

"ఆకు కదపొద్దని అందరికీ నీతులు చెప్పేదాన్ని. గ్రూపులో చెప్పకు నాయనా, తలెత్తుకోలేను."

"నా సంగతి కూడా చెప్పకండమ్మా," అన్నాడు అతడు.

పని పూర్తి చేశాడు. కందిరీగలు కిటికీ గట్టు మీద రాలాయి. ఖాళీ గూడుని సంచిలో వేసుకుని వెళ్ళాడు. బయట ఎక్కడో పారేద్దామనుకున్నాడు గానీ చేతులు రాలేదు.

ఆ వారం మధ్యలో, గ్రూపులో ఉన్న పళ్ళ డాక్టరు అడిగాడు: "టీచరమ్మా, మీ కందిరీగలు ఎలా ఉన్నాయి? పిల్లలు బయటికొచ్చాయా?"

"బాగున్నాయండీ," అని రాసింది టీచరమ్మ.

అది చదివి అతడు కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆమె మీద కోపం కాదు. ఆమె ఎలాంటి అవస్థలో ఆ మాట రాసిందో అతడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? 'కంపెనీలో ఉద్యోగం' కూడా అలాంటి మాటే కదా. భార్య గుచ్చి గుచ్చి అడిగితే జరిగిందంతా చెప్పాడు.

"ఆవిడ సంగతి ఆవిడ చూసుకుంటుంది. మీరేం దొంగతనం చేశారని దాక్కుంటున్నారు?" అని విరుచుకుపడింది భార్య. "ఆ పనే కదా మనకింత తిండి పెడుతోంది! అది చెప్పుకోలేని చోట మీకేం పని?"

ఆదివారం సాయంత్రం గూడుని బల్ల మీద పెట్టి ఫోటో తీశాడు. కిటికీ లేదు, చట్రం లేదు, ఎవరిదో ఎవరూ గుర్తుపట్టలేరు. గ్రూపులో పెట్టి కింద రాశాడు: "ఈ ఇల్లు నేనే ఖాళీ చేశాను. పురుగుల మందు కొట్టడం నా ఉద్యోగం. ఇన్నాళ్ళూ దాచాను. ఉంచుతారో తీసేస్తారో మీ ఇష్టం."

ముందు ఎవరో "అయ్యయ్యో" అన్నారు. ఇంకెవరో "ఇలాంటివాళ్ళు మన గ్రూపులోనా?" అన్నారు. పళ్ళ డాక్టరు "ఎవరింట్లో?" అని అడిగాడు.

"అది చెప్పనండీ," అని రాసి ఫోను బోర్లా పెట్టేశాడు. ఇక అయిపోయిందనే అనుకున్నాడు.

ఫోను మోగింది. చూడ్డానికి ధైర్యం చాల్లేదు. భార్యే తీసి పైకి చదివింది. టీచరమ్మ రాసింది.

"మా ఇంట్లో. పిలిచింది నేను. బాగున్నాయని అబద్ధమాడింది కూడా నేనే. తీసేసేది ఉంటే ముందు నన్ను తీసేయండి."

భార్య ఇంకోసారి చదివింది, ఈసారి మనసులోనే. తర్వాత వచ్చి అతడి పక్కన కూర్చుంది.

"ఇద్దర్నీ తీసేస్తే ఏమవుతుందట? మీరిద్దరూ ఒక గ్రూపు పెట్టుకోండి," అంది. "మూడో మనిషిగా నేనుంటాను."