బాబాయి పెట్టిన టిక్కులు

మనస్తత్వశాస్త్రం డిపార్ట్‌మెంటులో ఒక కట్టుబాటు ఉంది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు గానీ, ప్రొఫెసర్లు మారినా అది మారలేదు. మనిషి స్వభావం కొలవడానికి ఏ విద్యార్థి ప్రశ్నల ఫారం తయారుచేసినా, ముందు ల్యాబ్ అటెండరు బాబాయి చేత నింపించాలి. ఆయన ఏ మాట దగ్గర తడబడితే ఆ మాట మార్చాలి. గడగడా చదివి నింపేశాడా, ఇక ఎవరికిచ్చినా ఢోకా లేదన్నమాట.

ఇరవై ఆరేళ్ళుగా ఇదే తంతు. పొద్దున్నే తలుపు తీయడం, స్టాప్‌వాచీల బ్యాటరీలు చూడటం, అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పలకని గుడ్డపెట్టి తుడవడం, ఇవన్నీ ఆయన ఉద్యోగం. ఫారాలు నింపడం మాత్రం ఆయన గొప్ప. "నేను ఊఁ అనందే ఒక్కరి పరిశోధన కూడా గడప దాటదు, తెలుసా?" అని ఇంట్లో కోతలు కోసేవాడు. ఆయన ఇల్లాలు బట్టలు కుడుతుంది. మిషన్ మీంచి తలెత్తకుండానే "అబ్బో!" అనేది.

ఇందులో ఒక రహస్యం ఉంది. దాచిపెట్టి మిమ్మల్ని ఊరించడం ఎందుకు, ఇప్పుడే చెప్పేసుకుందాం. ప్రతి ప్రశ్నకీ అయిదు గడులుంటాయి: అస్సలు కాదు, కాదు, ఏమో, అవును, ముమ్మాటికీ అవును. బాబాయి పెన్సిల్ గడుల మీద ఉండేది గానీ, చూపు మాత్రం ఎదురుగా కూర్చున్న పిల్లల మొహం మీద ఉండేది. వాళ్ళ కనుబొమ్మ ముడిపడితే పెన్సిల్ పక్క గడికి జరిగేది. మొహం వెలిగిందా, అక్కడ టిక్కు పడేది. ధైర్యం కొలిచే కుర్రాడొస్తే ఆయనంత ధీరుడు లేడు. మర్నాడు భయం కొలిచే అమ్మాయొస్తే బల్లిని చూసినా వణికే మనిషి. "పాపం, నానా తంటాలూ పడి రాసుకున్నారు. మన సొమ్మేం పోయింది?" అనుకునేవాడు. మహానుభావుడు, దాన్ని అబద్ధం అంటారని ఆయనకి ఒక్కరోజు కూడా తోచలేదు.

అలాంటి ల్యాబులోకి సందేహం వచ్చింది. ఆ అమ్మాయి అసలు పేరు అందరూ మర్చిపోయారు. క్లాసులో ప్రతిదానికీ "నాకో సందేహం" అని లేచేది, అదే పేరైపోయింది. ప్రాజెక్టు విషయం మాత్రం ఒక పట్టాన తేలలేదు. మొదట, అరిగిన చెప్పుల్ని బట్టి మనిషి స్వభావం చెప్పొచ్చేమో చూస్తానంది. "చెప్పులరగడానికి కారణం రోడ్డు కావచ్చుగా?" అని ప్రాజెక్టులు చూసే మేడం కాగితం తిరిగిచ్చేశారు. రెండోది పాత చింతకాయ పచ్చడని తీసిపారేశారు. సోమవారం మీటింగులో మూడోది కూడా పోయిందంటే ఏడాది చదువు గంగపాలే.

పాత ఫారాలు వెతుకుతూ ఆ అమ్మాయి బీరువా అడుగు అర తెరిచింది. ఏ ఏడాదికి ఆ ఏడాది దారంతో కట్టిన కట్టలు, నూట పద్దెనిమిది ఫారాలు, అన్నీ బాబాయి నింపినవే! ఆయన చిత్తుకాగితం కూడా పారేసే రకం కాదు. అమ్మాయి నేలమీదే చతికిలబడిపోయింది.

"బాబాయ్! వయసుతోపాటు మనిషి స్వభావం మారుతుందా లేదా అని అందరూ తలలు పట్టుకుంటుంటే, ఒకే మనిషి ఇరవై ఆరేళ్ళ జవాబులు మన బీరువాలో పడున్నాయి! నా ప్రాజెక్టు మీరే!"

ప్లాను చూసి మేడం మొట్టమొదటిసారి "బాగుంది" అన్నారు. పనిగట్టుకుని ల్యాబులోకి వచ్చి బాబాయికి అభినందనలు కూడా చెప్పారు. ఆయన పళ్ళికిలించాడు గానీ గుండెల్లో రాయి పడింది.

సాయంత్రం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే, ఇల్లాలు పట్టేసింది. నిలదీస్తే మొత్తం కక్కేశాడు. ఆవిడ పడీపడీ నవ్వింది. ఉన్నట్టుండి ఆపేసింది.

"అయితే నా కూర?"

"కూరకేమైంది?"

"పెళ్ళయినప్పట్నుంచీ బాగుంది, బాగుంది అంటున్నారు. అదీ నా మొహం చూసేనా?"

"ఛ ఛ! అదేం మాటే..."

"నన్ను చూడకండి. గోడ వైపు తిరిగి చెప్పండి."

తిరిగాడు. గోడ మొహంలో ఏమీ కనపడలేదు. "ఉప్పు కాస్త ఎక్కువేస్తావు" అన్నాడు.

"ఎప్పట్నుంచీ?"

"మొదట్నుంచీ."

ఒళ్ళోని గుడ్డపీలికలు ఉండచుట్టి ఆయన వీపు మీదకి విసిరింది. తర్వాత పక్కనొచ్చి కూర్చుంది. "నా ఉప్పు మీరు తిని ఊరుకున్నారు, సరే. కానీ ఆ పిల్ల మీ టిక్కుల మీద ఏడాది చదువు కట్టుకుంటోంది. రేపే చెప్పేయండి."

"చెబితే ఇక ఆ పిల్ల నా మొహం చూస్తుందా?" అన్నాడు. ఇరవై ఆరేళ్ళుగా సంపాదించుకున్న పరువు, ఆ పిల్లల ప్రేమ, అంతా ఆ టిక్కుల మీదే నిలబడి ఉందని ఆయన నమ్మకం.

మర్నాడు శనివారం. సందేహం గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టుకుంటోంది. బాబాయి పలకని మూడుసార్లు తుడిచి, నీళ్ళు నమిలి, చివరికి నోరు విప్పాడు.

"తల్లీ, ఆ టిక్కులు నావి కావు."

"మరెవరివి బాబాయ్?"

"మీవే."

సంగతంతా చెప్పాడు. చెబుతుండగానే ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. అది చూడగానే ఆయన పాత రోగం తిరగబెట్టింది. "అంటే, అన్నీ కాదులేమ్మా, కొన్ని మాత్రం..." అని, నాలిక్కరుచుకున్నాడు. గిరుక్కున బీరువా వైపు తిరిగి, దానికే చెప్పాడు. "లేదు. ఒక్కటి కూడా నాది కాదు."

వెనకాల కుర్చీ జరిగిన చప్పుడు, తర్వాత తలుపు చప్పుడు. అమ్మాయి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

మూడింటికి తిరిగొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాకో సందేహం" అంది.

ఆ మాట వినగానే బాబాయికి ప్రాణం లేచొచ్చింది.

"ఏ ఫారం ఎవరిదో, ఆ రోజు వాళ్ళ మొహంలో ఏం చూసి పెన్సిల్ జరిపారో, గుర్తుందా?"

గుర్తుండకేం! "ఇది ఆ పొడుగు కుర్రాడిది. వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఉండేది, అందుకే ధైర్యం దగ్గర అన్నీ ముమ్మాటికీ పెట్టా. ఇది గోళ్ళు కొరికే అమ్మాయిది. నేను 'ఏమో' గడి దగ్గర ఆగితే చాలు, ఏడుపు మొహం పెట్టేది..." కట్ట తర్వాత కట్ట విప్పుతూనే ఉన్నాడు. అమ్మాయి ఆపకుండా రాసుకుంది. దీపాలు పెట్టేవేళకి కొత్త ప్లాను తయారైంది. ఒకటే ఫారం. సగంమంది, ఎదురుగా విద్యార్థి కూర్చుని చూస్తుండగా నింపుతారు. మిగతా సగంమంది ఒంటరిగా నింపుతారు. రెంటికీ తేడా ఎంతో చూడటమే ప్రాజెక్టు.

సోమవారం మీటింగులో మేడం ఆ ప్లాను చదివి కళ్ళజోడు తీశారు. ఆవిడ కూడా ఒకప్పుడు ఇక్కడే చదివింది లెండి.

"బాబాయ్, నా ఫారం కూడా ఆ కట్టల్లో ఉందా?"

"ఉందమ్మా."

"నాది కూడా ఇంతేనా?"

"మీదైతే మరీనమ్మా. మీరు గుడ్లురిమి చూసేవారు."

గది గదంతా గొల్లున నవ్వింది. మేడం కూడా నవ్వాపుకోలేక ప్లాను మీద సంతకం పెట్టేశారు. సందేహం చదువు నిలబడింది.

కట్టుబాటు కట్టుబాటే కాబట్టి, కొత్త ఫారం కూడా ముందు బాబాయే నింపాలి. అమ్మాయి కాగితం, పెన్సిల్ ఇచ్చి, తన కుర్చీని అటు తిప్పేసుకుని కూర్చుంది. బాబాయికి ఆ అమ్మాయి జడ తప్ప ఏమీ కనపడటం లేదు.

"కాస్త ఇటు చూడకూడదటమ్మా?"

"చస్తే చూడను. ఇది మీ ఫారం."

మామూలుగా పావుగంట పని. ఆ రోజు గంటన్నర పట్టింది. చెమటలు పట్టాయి. తనకి ముక్కుమీద కోపం ఉందని ఆయనకి ఆ రోజే తెలిసింది. చిట్టచివరి ప్రశ్న దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. 'నా అసలు సంగతి తెలిస్తే నన్నెవరూ ఇష్టపడరనిపిస్తుంది.'

"అయిందా బాబాయ్?"

"ఇంకొక్కటుందమ్మా."

"తొందరేం లేదు. ఎంతసేపైనా ఇక్కడే కూర్చుంటాను."

బాబాయి జడ వంక చూశాడు. మధ్యాహ్నం తిన్న కూర గుర్తొచ్చింది. అందులో ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఎవరి మొహమూ చూడకుండా, 'అస్సలు కాదు' గడిలో టిక్కు పెట్టాడు.