బావకి వాసన రాని కాఫీ

రామగుండం వైపు ఎవరైనా సరదాగా వెళ్తారేమో గానీ, నేను మాత్రం కోపంతో బయల్దేరాను. సికింద్రాబాద్‌లో నాకు చిన్న కాఫీ పొడి దుకాణం ఉంది. గింజలు నేనే వేయించి, నేనే మర పట్టిస్తాను. రామగుండం దగ్గర గనివాళ్ల సెంటినరీ కాలనీలో ఉండే మా అక్కకి ఏళ్లుగా నెలనెలా ఆర్టీసీ కార్గోలో పొడి పంపుతున్నాను. మొన్న ఆదివారం అక్క ఫోన్ చేసింది. "మీ బావ కాఫీ తాగుతలేడే. రెండు నెలల సంది పొడిల వాసనే లేదంటుండు. అన్నం గూడ సగం తిని లేస్తుండు. ఒకసారి వచ్చి చూసిపో" అంది. అన్నం మాట నా చెవికెక్కలేదు. పొడి మాటే ఎక్కింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కాచుకోవడం రాక నా పొడిని అంటారా అనుకున్నాను.

సంచిలో మూడు డబ్బాలు సర్దుకున్నాను. ఒకదాంట్లో ఎప్పుడూ పంపే పొడి, రెండోదాంట్లో మా వీధి కిరాణా కొట్టు పొడి, మూడోదాంట్లో కాఫీ గింజే లేని ఉత్త చికోరీ. ఇవి కాక ఒక పెద్ద సీసాలో మా ఇంటి నీళ్లు కూడా. పొడి తప్పు కాకపోతే నీళ్ల తప్పు అయ్యుండాలి కదా, పక్కపక్కన పెట్టి తేలుద్దామని నా పట్టుదల. మా ఆయన సీసా చూసి నవ్వాడు. నేను నవ్వలేదు.

పొద్దున ఎనిమిది దాటాక కాగజ్‌నగర్ వైపు పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. జనరల్ టికెట్టే. కొంచెం ముందుగా వెళ్తే కిటికీ సీటు దొరుకుతుంది. కాజీపేట దాకా కూర్చోవడానికి ఇబ్బంది లేదు, అక్కడ మాత్రం జనం విరగబడి ఎక్కారు. రైల్లో కాఫీ కొనుక్కున్నాను. మాడిన పాల వాసన, తడిసిన కాగితం కప్పు వాసన, బోలెడంత చక్కెర. ఈ రైల్లో వెళ్లేవాళ్లకి నా సలహా ఏమిటంటే టీ తాగండి.

కాజీపేటలో ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాయన శ్రీరాంపూర్‌లో బొగ్గు గనిలో పనిచేస్తాడట. హన్మకొండలో కూతుర్ని చూసి వెనక్కి పోతున్నాడు. కాసేపు గాలి పీల్చి, "సంచిల ఏం పెట్టినవ్ అక్కా? బోగంత గుమగుమ అంటుంది" అన్నాడు. చెప్పాను. సీసా చూసి, "నీళ్లు గూడ ఇంటికాంచేనా? మా దిక్కు నీళ్లు లేవనుకున్నవా ఏంది?" అన్నాడు.

కాఫీ గురించి అడిగితే నేను ఊరుకునే మనిషిని కాదు. గింజ ఏ ఎత్తున పండిందన్న దగ్గర్నుంచి మొదలుపెట్టాను. తక్కువ వేయిస్తే పులుపు తేలుతుంది, ఎక్కువ వేయిస్తే మాడు చేదు మిగులుతుంది. మర పట్టిన రోజు నుంచే వాసన పారిపోవడం మొదలవుతుంది. గాలీ తేమా తగలనివ్వకూడదు. నీళ్లు తెర్లుతుండగానే పోయకూడదు, పొంగు చల్లారాక పోయాలి. నీళ్లలో బ్లీచింగ్ ఉంటే కమ్మదనం చస్తుంది, మరీ ఉప్పు నీళ్లయితే కాఫీ మొద్దుబారిపోతుంది. నాలుకకి తెలిసేది చేదూ పులుపూ తీపీ మాత్రమే, తక్కిన కాఫీ అంతా ముక్కుదే అని కూడా చెప్పాను.

ఆయన ఓపిగ్గా విన్నాడు. "ముక్కు సంగతి మాకు చెప్పకు అక్కా. లోపట మా సర్దార్ ముక్కే మాకు దిక్కు" అన్నాడు. షిఫ్టు మొదలవగానే అందరికంటే ముందు లోపలికి నడిచి, పైకప్పు చూసి, గాలి చూసి, పని చేసుకోవచ్చని చెప్పేవాడు సర్దార్. తవ్వేసి మూసేసిన చోట బొగ్గు తనంతట తాను వేడెక్కుతుందట. మంట రాకముందే కిరసనాయిలు లాంటి వాసన వస్తుందట. "గాలి చూసే మిషిన్లున్నయ్, అందరికాడ ఉన్నయ్. అయితె మనిషి ముక్కు పట్టేది వేరే. సర్దార్ ఏం లేదంటె ఏం లేదు. మేం ఫికర్ లేకుంట పని చేసుకుంటం."

"మా బావ కూడా సర్దారే" అన్నాను గొప్పగా. అప్పటికి నాకు అంతే తోచింది.

మధ్యాహ్నం పన్నెండు దాటాక రామగుండంలో దిగాను. స్టేషన్ బయట షేర్ ఆటోలుంటాయి, ఇరవై రూపాయలకి గోదావరిఖని బస్టాండులో దింపుతారు. అక్కడ మంథని బస్సెక్కి, ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్ తీసుకున్నాను. రోడ్డు పొడుగునా బొగ్గు టిప్పర్లు. ఎండకి కాలనీ క్వార్టర్లన్నీ ఒకే తీరుగా మగతలో ఉన్నాయి. ఇల్లు చేరేసరికి రెండున్నరయింది. ఓదెలు బావ అప్పటికే రెండో షిఫ్టుకి వెళ్లిపోయాడు.

అక్క కోడికూర వండి పెట్టింది. తినీ తినకుండానే వంటింట్లో తనిఖీకి దిగాను. ఫిల్టర్ చిల్లులు శుభ్రంగా ఉన్నాయి. పొడి డబ్బా మూత గట్టిది, పచ్చళ్లకి దూరంగానే పెట్టింది. పాలు ప్యాకెట్ పాలే అయినా మంచివి. కుళాయి నీళ్లలో కొంచెం బ్లీచింగ్ వాసనుంది గానీ, అక్క వాటిని కాచి చల్లార్చే వాడుతోంది. మా ఇంటి నీళ్లతో ఒకటి, కాలనీ నీళ్లతో ఒకటి డికాషన్ తీసి రెండూ తాగాను. తేడా ఉంది, గోరంత. నా పొడి మాత్రం లక్షణంగా ఉంది. గెలిచాననిపించింది.

"నీకు వాసన వస్తోందా, లేదా?" అని అక్కని అడిగాను.

"నాకు మంచిగనే వస్తది."

"మరి బావ లేదంటే నువ్వెందుకు ఊ కొట్టావు?"

అక్క నావైపు వింతగా చూసింది. "ఆయన ముక్కు ముంగట నా ముక్కేందే? పాలు ఇరుగుతయని ఇరగకముందే చెప్తడు. గల్లీ మూల మీదికెల్లి వస్తాంటెనే మనింట్ల కూర అడుగంటిందంటడు. ఆయనకే రాలేదంటె నాదే భ్రమ అనుకున్న."

అప్పుడు గుర్తొచ్చింది అన్నం మాట. రెండు నెలల కింద ఏమైనా జబ్బు చేసిందా అని అడిగాను. వానల్లో గట్టి జ్వరం, పడిశం, వారం రోజులు లేవలేదట. తగ్గాక దవాఖానకి పోలేదు. ముక్కుకి బొగ్గు దుమ్ము పట్టిందని, బెల్లం తింటే దిగిపోతుందని రోజూ షిఫ్టయ్యాక ఇంత బెల్లం ముక్క నములుతున్నాడు. ఈ ప్రాంతంలో గని కార్మికులందరూ చేసేదే అది. గొంతులో దుమ్ముకి బెల్లం, ఒంట్లో దుమ్ముకి బెల్లం. కిటికీలో బెల్లం అచ్చు సగానికి వచ్చి ఉంది. దాన్ని చూస్తే నా కోపమంతా దిగిపోయి, ఆ చోట్లో భయం కూర్చుంది. రైల్లో గని ఆయన సర్దార్ ముక్కు గురించి అన్న మాటలు అక్కకి చెప్పాను.

అక్క వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. తర్వాత, "ఇంట్ల మాట ఇంట్లనే ఉండనియ్యే" అంది. "ఇంక ఏడాదిన్నర సర్వీసే ఉన్నది. దవాఖానల చూపిచ్చుకుంటె అన్‌ఫిట్ అని రాస్తరు, పైన కూసోబెడ్తరు. ముప్పయ్యేండ్లు లోపల తిరిగిన మనిషి పైన కూసోని, దిగేటోళ్లకు టోపీ లైట్లు అందిచ్చుకుంట ఉంటడా?"

మర్నాడు పొద్దున బావ లేచేసరికి ఎనిమిదైంది. ఎప్పటిలాగే, "ఏం మరదలా, చెయ్యి తప్పిందా? గడ్డి ఏంచి పంపుతున్నవా?" అన్నాడు. మామూలుగా అయితే నేనూ నాలుగు అంటించేదాన్ని. "తేల్చుకుందాం కూర్చో బావా" అన్నాను.

మూడు గ్లాసులు కలిపి తెచ్చాను. ఒకటి నా పొడిది, ఒకటి కిరాణా పొడిది, ఒకటి ఉత్త చికోరీది. ఏది ఏదో చెప్పలేదు. బావ మూడూ తాగి మూతి తుడుచుకున్నాడు. "మూడు ఒక్కతీరుగనే ఉన్నయ్. చేదు, తీపి, వేడి. గంతే" అన్నాడు. చికోరీ గ్లాసు చూపించి, "గిది జెర నయం" అన్నాడు. అక్క తల తిప్పేసుకుంది.

తర్వాత అక్కని ముక్కు గట్టిగా మూసుకుని నా పొడి కాఫీ ఒక గుక్క తాగమన్నాను. "చేదు తప్ప ఏం తెలుస్తలేదు" అంది. గుక్క మింగి ముక్కు వదలమన్నాను. వదలగానే మొహం విప్పారింది. "ఇప్పుడొచ్చింది, గొంతుల నుంచి పైకి" అంది. బావని కూడా అలాగే చెయ్యమన్నాను. ముక్కు మూసుకున్నాడు, తాగాడు, వదిలాడు. మళ్లీ మూసుకున్నాడు, మళ్లీ వదిలాడు. మూడోసారి గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏం మారలే" అన్నాడు.

కొందరికి జ్వరాల తర్వాత ఇలా వాసన పోతుందనీ, కొందరికి మెల్లగా తిరిగొస్తుందనీ, డాక్టరుకి చూపించుకోవాలనీ చెప్పాను. వింటున్నాడో లేదో తెలీలేదు. గోడకేసి చూస్తూ, మాతో కాదన్నట్టు మాట్లాడాడు.

"పోయిన వారం మా షిఫ్టుల పనిచేసే సమ్మయ్య, మూసేసిన గోడకాడ ఏదో వాసనొస్తుంది సార్ అన్నడు. పోయి చూసిన. మిషిన్ పెట్టిన, ఏం సూపియ్యలె. నాకు గూడ వాసన రాలె. ఏం లేదురా, పోయి పని చేసుకో అన్న. పోరగాండ్లందరు నవ్విండ్రు. ఆడు తలకాయ ఒంచుకొని పోయిండు."

"మిషిన్ గూడ లేదన్నది గదా" అంది అక్క.

"మిషిన్ లేదన్నదని కాదే వాళ్లు పోయింది. నేను లేదన్ననని పోయిండ్రు."

అక్క పప్పుచారు కాచింది, వంకాయ వేపింది. బావ పూర్తిగా తిన్నాడు, ఏం తింటున్నాడో చూసుకోకుండా. రెండు కావస్తుండగా బూట్లు తొడుక్కున్నాడు. గడప దగ్గర అక్క ఆయన చెయ్యి పట్టుకుని, "ఏం చెప్పకు. జర్ర పైలంగుండు, గంతే చాలు" అంది. బావ మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. ఏదో మర్చిపోయినట్టు వంటింట్లోకి వెళ్లి వచ్చి, స్కూటర్ మీద వెళ్లిపోయాడు. నాకు అక్క మీద కోపం రాలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ ఆ మాటే అనేదాన్నేమో. బావ లోపలికి దిగకుండా ఉంటే బాగుండునని మాత్రం గట్టిగా కోరుకున్నాను.

నేనూ కాసేపట్లో బయల్దేరాను. బస్సులో గోదావరిఖని, ఆటోలో రామగుండం. తిరుగు రైలు అరగంట ఆలస్యంగా వచ్చింది. స్టేషన్లో అరటిపళ్లు, పల్లీలు తప్ప కొనుక్కోదగ్గవి కనబడలేదు, భోజనం చేసుకునే బయల్దేరడం మంచిది. బోగీలో రద్దీ లేదు. గనిలో మొదటి షిఫ్టు ముగించుకున్నవాళ్లు కొందరు స్నానాలు చేసి, ఉతికిన చొక్కాలతో పెద్దపల్లి వైపు వెళ్తున్నారు. కళ్ల అంచున మాత్రం కాటుక పెట్టినట్టు బొగ్గు మిగిలి ఉంది. పక్కనున్నతను నిద్రలో నా భుజం మీదికి ఒరుగుతున్నాడు. లోపల ఎవరి మాట నమ్మి అంత నిశ్చింతగా పనిచేసి వచ్చాడో అనుకున్నాను. ఈ ఊళ్లల్లో పుట్టి పెరిగిన దాన్ని. నాన్న కోస్తా నుంచి వచ్చి ఇక్కడే కాఫీ హోటల్ నడిపాడు. అయినా ఆ సంగతి ఒక్కసారీ ఆలోచించలేదు. మంచి కాఫీకి ఏమేం కావాలో నన్నడిగితే గంటసేపు చెప్తాను. తాగే మనిషికి వాసన తెలియాలి అన్నది ఎప్పుడూ చెప్పలేదు, అది ఉంటుందనే అనుకుంటాం.

పెద్దపల్లి దాటుతుండగా ఫోన్ మోగింది. బావ. ఈ వేళకి లోపల ఉంటే ఫోన్ పనిచెయ్యదు. వెంటనే ఎత్తాను.

"పైన్నే ఉన్న మరదలా" అన్నాడు. "మేనేజర్‌కు చెప్పిన. రేపు దవాఖానకు పొమ్మన్నడు. సమ్మయ్యను గూడ పిలిచి, నీ మాట నిజమే కావచ్చురా, ఆడ మళ్లొకసారి చూపిస్తున్న అన్న."

"మరి నీ బదులు ఎవరు దిగారు బావా?"

"రాజలింగు దిగిండు. ఆడు గూడ సర్దారే. ఉత్తగ పోనియ్యలె. ఇంట్లకెల్లి నీ పొడి ఇంత పొట్లం కట్టుకొచ్చిన. కండ్లు మూసుకోరా అని ముక్కుకాడ పెట్టిన. ఏంది చెప్పు అంటె, కాఫీ అన్నడు. ఇగ దిగు అన్న."