కత్తిపీట వంపు

నిన్న మధ్యాహ్నం భిలాయిలోనే, రిసాలిలో ఉన్న మా అమ్మాయి ఇంటి నుంచి ఆటోలో వస్తుంటే వాన పట్టుకుంది. ఆటో అతను పక్కలకి ప్లాస్టిక్ తెరలు దించాడు. ఆ తెర మీద నీళ్ళు జారుతుంటే అవతలి రోడ్డు, చెట్లు, సైకిలు నడిపించుకుపోతున్న మనిషి, అన్నీ ఒకదాన్లోకి ఒకటి కలిసిపోయి కనిపించాయి. ఇది ఎక్కడో చాలాసార్లు చూశాను అనిపించింది. ఇంటి ముందు దిగి, తడుస్తూ తాళం తీస్తుండగా గుర్తొచ్చింది. మా బావమరిది కత్తుల షెడ్డులో మిషను అద్దం అలాగే ఉండేది. నా భార్య పోయిన తరవాతి ఏడాదిలో మధ్యాహ్నాలు ఎక్కువగా ఆ అద్దం ఎదురుగానే గడిపాను.

షెడ్డు జాముల్ వెళ్ళే దారిలో ఉంది. సిమెంటు లారీలు తిరిగే రోడ్డు కనక అక్కడి ఆకులన్నీ బూడిదరంగులో ఉంటాయి. వాన పడిన రోజున మాత్రం అవి ఆకుపచ్చవని తెలుస్తుంది. మా బావమరిది నా భార్యకి ఒక్కడే తమ్ముడు. విజయనగరం పక్క వాళ్ళ ఊరి నుంచి అక్కని చూసి పోదామని భిలాయి వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. ఏళ్ళ తరబడి వాళ్ళ దగ్గరా వీళ్ళ దగ్గరా మిషను పనిచేసి, చివరికి మూతపడిన ఒక చిన్న ఫ్యాక్టరీ నుంచి పాత సిఎన్‌సి మిషను కొనుక్కుని కత్తులు చెయ్యడం మొదలుపెట్టాడు. ఇళ్ళలోకి, హోటళ్ళకి, మాంసం కొట్లకి. నేను స్టీలు ప్లాంటు లైబ్రరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ మిషను గురించి నాకు అర్థమైనంత వరకు చెబుతాను. అదొక పెద్ద బీరువా అంత పెట్టె. లోపల స్టీలు పలక బిగిస్తారు. ఏ దారిలో వెళ్ళాలో అంకెల్లో రాసి ఇస్తే, గిర్రున తిరిగే కట్టరు ఆ దారి వెంటే వెళ్ళి చెక్కుతుంది. వేడెక్కకుండా పైనుంచి పాలలాంటి తెల్లటి నీళ్ళు పడుతూ ఉంటాయి. తలుపు అద్దం మీద ఆ నీళ్ళు ఆగకుండా జారుతుంటాయి. లోపల ఏదో తయారవుతోందని తెలుస్తుంది గాని, ఏమిటన్నది స్పష్టంగా కనపడదు.

కార్యక్రమాలన్నీ అయి చుట్టాలు వెళ్ళిపోయిన వారంలోనే అతను స్కూటరేసుకుని వచ్చాడు. "ఏటి బావా, ఒక్కడివీ ఇంట్లో కూకుని ఏటి చేస్తావు? షెడ్డుకి వచ్చీ. పుస్తకమేదో అక్కడే చదువుకో," అన్నాడు. అక్కడ చప్పుడు కదా అన్నాను. "చప్పుడుంటేనే మంచిది," అన్నాడు. అది నిజమే అయింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచేవాణ్ణి. పేజీ తిప్పిన గుర్తు లేదు. స్టీలు తెగే చప్పుడు మొదట చెవులకి గుచ్చుకునేది, కాసేపటికి సర్దుకునేది, ఆ తరవాత అది వినిపించడం మానేసేది. సగం నిద్రలో, పక్కగదిలో ఎవరో చిక్కుళ్ళు తుంచుతున్నట్టు ఉండేది. లేచి చూడాలనిపించేది కాదు. లేవనంత సేపూ ఆ గదిలో మనిషి ఉన్నట్టే కదా.

మిషను నడిపేది జాముల్ అవతలి పల్లె నుంచి వచ్చే ఒకావిడ. నలభై దాటి ఉంటాయి. మా బావమరిది ఆవిణ్ణి దీదీ అంటాడు, ఆవిడ అతన్ని భయ్యా అంటుంది. వయసులో ఇద్దరికీ పెద్దవాణ్ణయిన నేను కూడా దీదీ అనే పిలిచేవాణ్ణి. హిందీలోనే మాట్లాడేది గాని, మా ఏటి, గీటి అన్నీ అందులో పడిపోయేవి. మా బావమరిదికి ఒక అలవాటు ఉంది. మిషను సరిగ్గా నడుస్తుంటే అతనికి తోచదు. ఇంకా బాగా నడపొచ్చేమోనని విప్పుతాడు. పొద్దున దీదీ వచ్చి తలుపు తెరిచేసరికి మిషను పొట్ట కింద నుంచి అతని కాళ్ళు కనిపించేవి.

"నిన్న బాగానే ఉంది కదా భయ్యా?"

"బాగానే ఉంది."

"మరి ఏటి రోగమని కోశావు?"

"రోగం రాకుండానే చూస్తన్నాను. నువ్వు టీ పెట్టు."

"ఇలాంటి డాక్టరు మా ఊళ్ళో ఉంటే జనం అడివిలోకి పారిపోతారు," అని ఆవిడ టీ పెట్టేది.

ఆ షెడ్డులో ఇంకో నియమం కూడా ఉండేది. కత్తి ఎవరూ ఎవరి చేతికీ ఇవ్వకూడదు. బల్ల మీద పెట్టాలి, రెండోవాళ్ళు తీసుకోవాలి. చేతికిస్తే తగువులొస్తాయని మావైపు ఇళ్ళలో అనుకుంటారు. నా భార్య వంటింట్లో పాటించేది, ఆమె తమ్ముడు కార్ఖానాలో పెట్టాడు. మొదట నవ్విన దీదీయే తరవాత దానికి కాపలాదారయింది. ఒకసారి హోటలాయన ఎవరో కత్తి కోసం చెయ్యి చాపితే, "నాతో తగువు పెట్టుకుంటావా?" అని అడిగింది. ఆయన ఆర్డరు పెంచడానికి వచ్చినవాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, ఆవిడ బల్ల మీద పెట్టాకే కత్తి ముట్టుకున్నాడు.

వానాకాలం ముందు ఒకరోజు మా అమ్మాయి, వాళ్ళమ్మ కత్తిపీటని పాత చీరలో చుట్టి షెడ్డుకి తెచ్చింది. అది నా భార్య పెళ్ళయి వస్తూ తెచ్చుకున్నది, రైల్లో, తన కాళ్ళ దగ్గర పెట్టుకుని. పీట రెండుసార్లు మారింది గాని కత్తి అదే. నిలువుగా లేచి ముందుకి వంగే కత్తి. ఇన్నేళ్ళూ ఆమె ఒకేచోట కాయని ఆనించి కోసింది, అదేచోట రాయి మీద నూరింది. నడిమికి కొంచెం కింద అంచు లోపలికి పోయి, ఒక చిన్న లోతు పడింది. ఇప్పుడు ఆ లోతు దగ్గరే సన్నటి పగులు వచ్చింది. "నాన్నా, దీనితో ఇంక కొయ్యలేను. విరిగిపోతుందని భయమేస్తోంది. మామయ్య ఇలాంటిదే చేసిస్తాడా?" అంది. ఆమె మిక్సీలూ, చాపింగ్ బోర్డులూ ఉన్న మనిషే. అయినా బీరకాయ మాత్రం నేల మీద కూర్చునే కొయ్యాలి ఆమెకి.

మా బావమరిది దాన్ని బల్ల మీంచి తీసుకుని, ఆ లోతులో బొటనవేలు ఆనించి, అలాగే ఉంచాడు. తరవాత నాకేసి చూడకుండా, "చేసీగలను. అక్క చేసుకున్నది అక్క చేసుకున్నట్టే దింపీస్తాను. ఏటీ తేడా రాదు," అన్నాడు.

నాకూ అదే కావాలి. ఫొటోల్లో ఆమె ఎప్పుడూ కెమెరా కోసం బిగుసుకుని ఉంటుంది. బట్టలు ఇచ్చేశాం. ఆమె చెయ్యి రోజూ చేసిన పని ఇంట్లో ఎక్కడైనా మిగిలి ఉందంటే అది ఆ లోతు ఒక్కటే. అదీ పగిలిపోతోంది.

ముందు మిషనులో ఒక సన్నని మొనని కత్తి అంచు వెంట తాకించుకుంటూ పోయి, ఆ వంపుని అంకెల్లోకి ఎక్కించారు. అది సులువుగానే అయింది. కొత్త స్టీలు మీద చెక్కడం దగ్గర చిక్కొచ్చింది. పలచని కత్తి కట్టరు తగలగానే వణికేది, అంచంతా అలలుగా వచ్చేది. మా బావమరిది కింద చెక్క పెట్టి చూశాడు, రబ్బరు పెట్టి చూశాడు. ఒకరోజు భోజనం మధ్యలో లేచి, "బావా, మా ఊళ్ళో కంసాలి లక్క మీద నగ అతికించి చెక్కీవోడు గుర్తుందా?" అన్నాడు. దీదీ వాళ్ళ పల్లెలో కుసుమ్ అనే అడివి చెట్ల మీద లక్క పడుతుంది. మర్నాడు సంచీ నిండా తెచ్చి, "గాజులు చెయ్యాల్సిన సరుకు. మీ కత్తికి తొడుగుతున్నారు," అంది. లక్క కరిగించి పోసి, దాని మీద కత్తిని అతికించి చెక్కితే వణుకు ఆగిపోయింది. ఒకసారి తెల్లనీళ్ళ మోటారు మధ్యలో ఆగి, లక్క మెత్తబడి, కత్తి పక్కకి ఈదుకుపోయింది గాని, అది వేరే సంగతి.

తరవాత లోతు దగ్గర పేచీ. అక్కడ కట్టరు లోపలికి వెళ్ళి వెనక్కి తిరగాలి. పాత మిషను, దాని స్క్రూలూ అరిగినవే. తిరిగేచోట ఒక క్షణం తడబడేది. అంచు మీద వెంట్రుకంత మెట్టు పడేది. నాకు కనపడేది కాదు. అతనికి కనపడేది. బేరింగులు మార్చాడు, స్క్రూ బిగించాడు, ఆ తడబాటుని ముందే లెక్కలో వేసుకునేటట్టు ప్రోగ్రాము తిరగరాశాడు. హోటళ్ళ ఆర్డర్లు వెనకపడ్డాయి. దీదీ మొదట్లో పోట్లాడింది, ఆ తరవాత మానేసి, అడిగినప్పుడు అడిగింది అందించేది. నేను కుర్చీలో కూర్చుని అద్దం వంక చూస్తుండేవాణ్ణి. బయట వాన, లోపల తెల్లనీళ్ళు, వాటి వెనక ఆ వంపు కొంచెం కొంచెంగా బయటికొచ్చేది. ఆ వానాకాలమంతా నాకు ఒక్క పొడుగాటి మధ్యాహ్నంలా గుర్తుంది. ఆమె ఇంకా పూర్తిగా వెళ్ళిపోలేదు, ఎక్కడో దారిలో ఉంది, వీళ్ళు కాస్త జాగ్రత్తగా పనిచేస్తే ఆగుతుంది, అన్నట్టు ఉండేది.

చివరికి వచ్చింది. కాల్చి, నూనెలో ముంచి, నూరి, కొత్త పీటకి బిగించాడు. పాతదాని పక్కన పెడితే రెండు వంపులూ ఒక్కటే. మా అమ్మాయికి ఫోను చేస్తే ఆదివారం వచ్చింది. దీదీ తన పాదు నుంచి బీరకాయలు తెచ్చింది. మిషను ముందు నేల తుడిచి, మా అమ్మాయి పీట మీద కూర్చుంది. మేం ముగ్గురం చుట్టూ నిలబడ్డాం.

కాయ తెగలేదు. లోతులోకి జారి, నలిగి, ఇరుక్కుంది. ఇంకోటి తీసుకుంది. అదీ అంతే. ఆమె వంగి, మోచేతులు కిందికి దించి, మెడ ముడుచుకుని ప్రయత్నించింది. అప్పుడు కాస్త తెగింది.

"ఏటైంది? పదునులేదా?" అన్నాడు వాళ్ళ మామయ్య.

"పదునుంది మామయ్యా. ఇది అమ్మ ఎత్తుకి ఉంది. నా చేతులు ఇక్కడికొస్తాయి, చూడు." ఆమె మామూలుగా కూర్చుని, రెండు చేతులూ ఉత్తినే ముందుకి చాపింది. అవి ఆ లోతుకి బెత్తెడు పైన ఆగాయి. మా అమ్మాయి నా పోలిక, పొడుగు. వాళ్ళమ్మ నా భుజం దగ్గరికి వచ్చేది.

ఆ లోతు ఆమె చేతులకి తప్ప ఇంకెవరి చేతులకీ అందదన్న సంగతి అప్పటిదాకా మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. ఒక మనిషి కూర్చున్న ఎత్తుని, ఆమె చేతుల పొడుగుని, కత్తి ఆకారం అనుకుని ఇన్ని నెలలూ చెక్కాం.

మా బావమరిది జేబులోంచి సుద్దముక్క తీసి నేల మీద గొంతుక్కూర్చున్నాడు. "పోనీలే. నీ చేతులు ఎక్కడ పడతన్నాయో అలా ఉంచు. గుర్తెట్టుకుంటాను. ఈ లోతునే పైకి జరిపీస్తాను. మిషనుకి ఒక్క లైను మార్చితే చాలు. అక్కదే ఉంటాది, నీకు అందుతాది."

"రహనే దో మామా," అంది ఆమె. వదిలెయ్యమని తొందరగా అన్న మాట హిందీలో వచ్చింది. తరవాత మెల్లిగా, "లోతు వద్దు. ఉత్త వంపు చాలు. కోస్తూ కోస్తూ అదే పడుతుంది."

అతను సుద్ద అలాగే పట్టుకుని నాకేసి తిరిగాడు. "నువ్వు చెప్పు బావా. తీసీమంటావా?" అతని మొహం చూసి అప్పుడు తెలిసింది, నాకోసం ఆ కుర్చీ వేసి పిలిచినవాడు తనకోసం ఆ మిషను విప్పుకున్నాడని. తన అక్కని ఇంక విప్పి బాగుచేసే అవకాశం లేనివాడు. నేను అవునంటే ఇద్దరం ఇంకో వానాకాలం ఆ అద్దం ముందు కూర్చోవచ్చు. ఎవరూ కాదనరు. మా అమ్మాయి కూడా ఆ కత్తిపీట తీసుకెళ్ళి, మెడ ముడుచుకుని, మాకోసం కోసుకుంటుంది.

"తీసెయ్యి," అన్నాను.

అతను సుద్దని జేబులో వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. తరవాత లేచి వెళ్ళి, స్క్రీను ముందు కూర్చుని, లోతుకి పైన అరగని చోటు నుంచి కింద అరగని చోటు దాకా ఒకే గీత లాగాడు. అంతే పని. దీదీ కొత్త పలకని లక్క మీద అతికించి, తలుపు వేసింది. తెల్లనీళ్ళు అద్దం మీద జారడం మొదలైంది. "కట్టరు రెండుసార్లు తిరగక్కర్లేదు కదా, తొందరగా అయిపోతుంది భయ్యా," అంది. చెక్కడం అయిపోయింది కూడా, మా అమ్మాయి టీ తాగేలోపు. లోతున్న కత్తిని అతను ఏం చేశాడో నేను అడగలేదు. పగిలినది నా దగ్గరే ఉంది, చీరలోనే.

నిన్న వాళ్ళింట్లో ఆమె కొత్తదాని మీద బెండకాయలు కోస్తూ, చెవికి భుజంతో ఫోను నొక్కిపట్టుకుని ఎవరితోనో హిందీలో మాట్లాడుతోంది. నేను పక్కన కూర్చుని ఆ అంచుని చూశాను. ఇంకా ఎక్కడా ఏ గుర్తూ పడలేదు, పైనుంచి కింద దాకా ఒకే వంపు. పడుతుంది. అది కంటికి కనిపించే నాటికి నేనుండను, మా బావమరిదీ ఉండకపోవచ్చు. అంతకాలం ఆమె రోజూ అక్కడ కూర్చుని ఏదో ఒకటి కోస్తూ ఉంటుందన్న ఆలోచన నిన్న నాకు దిగులుగా అనిపించలేదు.